నాయిన మాడుకు ఆముదం

మా నాయిన తాపీ మేస్త్రీ. పంతొమ్మిది వందల ఎనభైల నడుమ ఆయన కుడి చేయి వణకడం మొదలైంది. పాలమూరు నుంచి వలసొచ్చి ఉంటున్న కామాటిపురలో, గదుల వరసగా ఉండే మా చాల్ వరండాలో ఊరికే కూర్చున్నా బొటనవేలు, చూపుడువేలు బీడీ నలుపుతున్నట్టు కదిలేవి. మొదట్లో తాపీ పట్టగానే వణుకు ఆగేది, తర్వాత అదీ పోయింది. సిమెంటు మాలు గోడ మీద కంటే కింద ఎక్కువ పడుతోందని పనిలోంచి పంపేశారు. చాల్‌లో సలహాలకు కరువా? ఒకాయన పోచమ్మ పూనిందన్నాడు. ఇంకొకాయన కల్లు మానేసినందుకే అన్నాడు. మా నాయిన కల్లు ఎప్పుడు మానాడో నాకైతే తెలియదు.

ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే వాంతులయ్యేవి. అప్పుడు డాక్టరు కొత్త వైద్యం ఒకటి చెప్పాడు. తల కొయ్యరు, సూది గుచ్చరు. నెత్తికి తడి బిళ్లలు కట్టి, సన్నటి కరెంటు మెదడులోకి పంపుతారు. "తగ్గుతుందని మాటివ్వలేను, ప్రయత్నిద్దాం" అన్నాడు మరాఠీలో. మరాఠీ బడిలో చదివినదాన్ని కాబట్టి తెలుగులో చెప్పే పని నాది. నేను రెండు ముక్కలూ చెప్పాను. అమ్మానాయిన రెండోదే విన్నారు.

ఫోరస్ రోడ్డులో బస్సెక్కి వెళ్లేవాళ్లం. బిళ్లలు కట్టి డాక్టరు మర తిప్పేవాడు, ఏమైనా తెలుస్తోందా అని అడిగేవాడు.

"ఏం తెలుస్తలేదు సారూ" అనేవాడు నాయిన, తనదే తప్పన్నట్టు.

ఒకరోజు బిళ్ల జారిపోయింది. నర్సు వెంట్రుకలు పాయలు తీసి చూస్తే మాడంతా ఆముదం! మా పాలమూరోళ్లు ఎండలో పనికి పోయే మనిషిని మాడుకు ఆముదం అద్దకుండా పంపరు. కరెంటంటే ఎండకంటే వేడి కదా, మెదడు కాగిపోతుందని ఆసుపత్రికి బయల్దేరే ప్రతిసారీ అమ్మ అరచేతి నిండా పట్టించి, పైపైన తుడిచి పంపేది. నూనె ఉంటే కరెంటు సరిగా దిగదని డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు. తిట్లు తిని అమ్మలా సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"జూస్తివా బిడ్డా, వైద్యం మంచిదే! నా ఆముదమే అడ్డం పడ్డది" అంది దారి పొడుగునా.

నల్లా దగ్గర కుంకుడుకాయ రసంతో ఆయన తల రుద్ది రుద్ది కడిగింది. కళ్లు మండి నాయిన కేకలు పెడుతుంటే నవ్వింది. ఈసారి మర తిప్పగానే ఆయన అరిచాడు.

"చీమలు పాకుతున్నయి!"

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఆ రోజే నాయిన అటక మీది తాపీ దింపి తుప్పు గీకాడు.

వారాలు గడిచాయి. చీమలు పాకాయి, చేయి మాత్రం వణుకుతూనే ఉంది. చివరికి డాక్టరు చాలిద్దామన్నాడు, ఇక దీంతో లాభం లేదన్నాడు. నేనేం చేయగలను? అన్నది అన్నట్టు చెప్పాను. నాయిన వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ మాత్రం లేచి నిలబడింది.

"సారుకు చెప్పు బిడ్డా. ఇంకా యాడనో జిడ్డు మిగిలే ఉంటది. మల్లొక్కపారి కడిగి తెస్త, ఫికర్ చెయ్యొద్దను."

చెప్పాను. డాక్టరు నాయిన తల నిమిరి, జిడ్డేమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అమ్మ నమ్మలేదు. తనే ఆ పొడి వెంట్రుకల్లోకి వేళ్లు పోనిచ్చి, మాడంతా తడిమి, వేళ్లు వాసన చూసుకుంది.