పచ్చ రింగు ఉల్లంకి

బస్టాండు వెనక సందులో ఉంది ఆ స్టూడియో. ముందు గదిలో కౌంటరు, గోడకు అద్దం, అద్దం కింద తాడుతో కట్టేసిన దువ్వెన. తాడు లేకపోతే దువ్వెన వారం కూడా నిలవదు. వెనక గదిలో నీలం తెర, ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు. ఆ స్టూలు మీద ఊళ్ళో సగం మంది ఏదో ఒక రోజు కూర్చుని, గడ్డం కాస్త పైకెత్తి, ఊపిరి బిగబట్టినవాళ్ళే.

ఫోటోగ్రాఫర్‌కి నలభై అయిదు దాటాయి. ఇన్నేళ్ళలో తీసిన ఫోటోల్లో ఒక్కదాని మీద కూడా అతని పేరు లేదు. అర్జీలకు అంటించి స్టాంపు గుద్దే ఫోటోల మీద ఎవరి పేరైనా ఎందుకుంటుంది? బాగా వస్తే జనం తమ మొహమే అంత అనుకుంటారు, బాగా రాకపోతే ఇతనికి పని రాదంటారు. ఈ రెండింటికీ అతను అలవాటు పడిపోయాడని ఇంట్లోవాళ్ళు అనుకునేవారు. అడిగితే అతనూ అదే చెప్పేవాడు.

అతని చేతికి మరో అలవాటు కూడా ఉంది. ఏ ఫోటో కంప్యూటర్లోకి ఎక్కించినా ముందు మచ్చలు తుడుస్తాడు. మొటిమ, చెదిరిన వెంట్రుక, కాలరు మీద దారప్పోగు, ఏదైనా సరే. పక్కనున్న శుభ్రమైన చోటు నుంచి ఒక ముక్క తీసి మచ్చ మీద అతికిస్తాడు. భార్యతో కూరగాయల సంగతి మాట్లాడుతూనే చేసేస్తాడు, తెర వైపు సరిగ్గా చూడను కూడా చూడడు. పనవగానే పాత ఫోటో మీదే కొత్తది సేవ్ చేసి, కెమెరా కార్డు ఖాళీ చేస్తాడు. మచ్చలున్న మొహాన్ని దాచుకుని ఏం చేసుకోవాలి?

పక్షుల పిచ్చి ఎలా పట్టిందంటే, ఊరి మురుగునీళ్ళు శుభ్రం చేసే చెరువుల దగ్గర కొత్త పంపు ప్రారంభానికి ఫోటోలు తీయమని ఒక చలికాలంలో పిలిచారు. రావలసిన పెద్దలు ఇంకా రాలేదు. ఊరికే నిలబడలేక నీళ్ళ మీద వాలిన బాతుల్ని తీశాడు. అవి ఎక్కడో మంచు కురిసే చోటి నుంచి వస్తాయనీ, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయనీ వాచ్‌మన్ చెప్పాడు. ఆ తర్వాత పెద్దలొచ్చారు, రిబ్బను కత్తిరించారు, నవ్వారు. ఇంటికొచ్చి చూసుకుంటే అతనికి బాతులే నచ్చాయి. వాటిలో ఏదీ కళ్ళు మూసుకోలేదు. ఇంకోటి తియ్యి అనలేదు.

అప్పటినుంచి చలి మొదలైతే చాలు, తెల్లారేసరికి మెడలో కెమెరా వేసుకుని చెరువు గట్టు మీద ఉంటాడు. కొట్టు తెరిచే పని భార్య మీద పడింది.

పక్క షాపులో సెల్‌ఫోన్లు బాగుచేసే బావమరిదికి ఇది మంచి కాలక్షేపం. "ఏం బావా, పిట్టలకి కూడా పాస్‌పోర్టు ఫోటోలు మొదలెట్టావా? అవి వీసా లేకుండానే తిరుగుతున్నాయిగా!"

"వాటికి నీలాగా కమిషన్ తినే బ్రోకర్లు లేర్రా."

"అక్కా, విన్నావా? మీ ఆయనకి నా కంటే బాతులే దగ్గరి చుట్టాలట."

"బాతులు నయం," అనేది కౌంటర్లోంచి భార్య. "సాయంత్రం భోజనానికి రావు."

ఊళ్ళో పక్షులు చూసేవాళ్ళకి ఒక సంఘం ఉంది. దాని కార్యదర్శి పళ్ళ డాక్టరు. ఆదివారాలు ఆయన క్లినిక్‌లో రోగులు కూర్చునే కుర్చీల్లోనే సభ్యులు కూర్చుంటారు. చలికాలం చివర లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెడతారు. ఎవరైనా కొత్త పక్షిని చూస్తే ఫోటో గోడకెక్కుతుంది, కింద అట్టముక్క మీద ‘మొదట చూసినవారు’ అని పేరు రాస్తారు. ఫోటోగ్రాఫర్ మూడేళ్ళుగా ఇచ్చిన ఫోటోలు ఏదో ఒక మూల వేలాడుతూనే ఉన్నాయి, కానీ అట్టముక్క రాలేదు. డాక్టరు చూసి, "ఫోటో బ్రహ్మాండంగా ఉందండీ, పక్షి మామూలుదే," అనేవాడు, పన్ను బాగానే ఉంది చిగుళ్ళే బాగోలేవన్నంత నిదానంగా. తీసిన ఫోటో కింద ఒక్కసారి తన పేరు చూసుకోవాలని ఫోటోగ్రాఫర్‌కి ఉంది. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. భార్యకు మాత్రం తెలుసు. ప్రదర్శన రోజున ఇస్త్రీ చొక్కా అడిగేవాడు మరి.

నాలుగో చలికాలంలో ఒక ఉదయం బురదలో ఒంటరి ఉల్లంకి కనిపించింది. చెరువు బురదలో ముక్కు గుచ్చి పురుగులు ఏరుకునే ఉల్లంకులు అక్కడ కొల్లలు. కానీ దీని ముక్కు మరీ పొడవు, పైకి తిరిగి ఉంది, రెక్కల మీద రంగూ వేరు. బురదలో బోర్లా పడుకుని తీశాడు. కొట్టుకొచ్చి, ఆదరాబాదరా కంప్యూటర్లో పెట్టాడు. మధ్యాహ్నం ఒక ఫంక్షన్ ఉంది, కార్డు ఖాళీ చేయాలి. పిట్ట కాలికి పచ్చటి ప్లాస్టిక్ ముక్క అంటుకుని ఉంది. ఆ చెరువు నిండా ప్లాస్టిక్ కవర్లే. పక్కనున్న నీటి అలను తీసి దాని మీద అతికించాడు. కాలు శుభ్రపడింది. దాన్నే సేవ్ చేసి డాక్టరుకు పంపి, ఫంక్షన్‌కి వెళ్ళిపోయాడు.

ఆదివారం క్లినిక్‌లో డాక్టరు లేచి వచ్చి చెయ్యి కలిపాడు. అదివరకెప్పుడూ కలపలేదు.

"కొట్టారండీ మీరు! ఈ ఉల్లంకి మన దగ్గరికి ఎప్పుడూ రాలేదు. అందులోనూ ఒకటి కాదు, రెండు!"

"రెండేంటండీ? నేను చూసింది ఒకటే."

సంఘంలో ఉన్న లెక్కల టీచరమ్మ మర్నాడు అవతలి గట్టు నుంచి అలాంటిదాన్నే చూసిందట. దుర్భిణీ అద్దానికి ఫోన్ ఆనించి ఫోటో తీసింది. అంతా మసక. కానీ కాలికి పచ్చటి రింగు మాత్రం తెలుస్తోంది. ఎక్కడ పుట్టింది, ఎంత దూరం ఎగిరింది తెలుసుకోవడానికి దూర దేశాల వాళ్ళు పట్టుకుని అక్షరాలు చెక్కి వేసిన రింగు అది.

"ఆవిడ పిట్టకి రింగుంది, మీ పిట్టకి లేదు. కాబట్టి రెండు," అన్నాడు డాక్టరు. "ఒక్కటొస్తే దారి తప్పి వచ్చిందంటారు. రెండొస్తే మన చెరువు వెతుక్కుంటూ వచ్చాయంటారు. తేడా తెలిసిందా?"

ఫోటోగ్రాఫర్‌కి తెలిసింది. తను తుడిచేసిన పచ్చ ముక్క గుర్తొచ్చింది. అప్పుడే చెప్పేయవచ్చు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. అతను కూడా కొట్టాడు.

ఆ రాత్రి అన్నం కలుపుతూ భార్యకు చెప్పాడు.

"చెరిపేశారా?" అంది ఆమె. "చెత్త అనుకునే కదా చెరిపారు. ఊరుకోండి. మీరేమైనా దొంగతనం చేశారా?"

"లేని పిట్టని పుట్టించాను."

"పుట్టిస్తే పుట్టించారు, దాన్నేమైనా మనం మేపాలా?"

అయినా సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన అంతా విని, చేతి తొడుగులు తీసి బుట్టలో వేశాడు.

"అసలు ఫోటో ఏదండీ?"

"ఉంచలేదండీ. కార్డు కూడా చెరిపేశాను."

"మరి రింగు ఉందనడానికి రుజువేముంది? లేదనడానికి మీ ఫోటో ఉంది." డాక్టరు గొంతు తగ్గించాడు. "కంగారులో మీకు అలా అనిపిస్తోంది. రెండని అందరికీ చెప్పేశాం. ఆదివారం ప్రదర్శనకు హాయిగా వచ్చి మీ ఫోటో పక్కన నిలబడండి."

అబద్ధానికి ఫోటో ఉంది, నిజానికి లేదు. ఇంటికొచ్చి ఆ ఫోటోనే పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా అడగకుండానే భార్య తీసి పెట్టింది. లైబ్రరీ హాల్లో అతని ఫోటోను కిటికీ అంత పెద్దగా అచ్చు వేయించి తలుపుకి ఎదురుగా తగిలించారు. కింద అట్టముక్క, దాని మీద అతని పేరు, ఇంటిపేరుతో సహా. ఆ పేరును రెండుసార్లు చదువుకున్నాడు. పక్కన టీచరమ్మ మసక ఫోటో చిన్నదిగా ఉంది. రెండింటి పైన ‘మన చెరువుకు వచ్చిన జంట’ అని రాశారు.

జనం చేరాక అతను టీచరమ్మను పిలిచాడు. "ఒక్కసారి ఇటు రండమ్మా. ఈ కాలి పక్కన అల చూడండి. దాని పైన నురుగులో మూడు చుక్కలు, ఒక వంపు. ఇప్పుడు కాలి మీదున్న అల చూడండి."

ఆమె కళ్ళజోడు సర్దుకుని వంగింది. "మూడు చుక్కలు. అదే వంపు."

"నీళ్ళల్లో రెండు అలలు అచ్చు ఒకేలా ఉంటాయాండీ? ఇక్కడిది తీసి అక్కడ అతికించింది నేనే. దాని కింద ఉన్నది మీరు చూసిన రింగే."

ఆమె మళ్ళీ వంగింది. చుక్కల దూరాలు వేలితో కొలిచింది. "అవునండీ డాక్టరుగారూ. ఒకటే పిట్ట."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "పెళ్ళి ఫోటోల్లో పొట్ట తగ్గించినట్టు పిట్టక్కూడా మేకప్పా?"

డాక్టరు మొహం ఎర్రబడింది. "మరి ఆ గోడ మీదున్న మిగతావి? మూడేళ్ళ ఫోటోలు? వాటిలో ఏమేం చెరిపారు?"

ఫోటోగ్రాఫర్ నిజంగానే ఆలోచించాడు. బాతులు, కొంగలు, జిట్టంగులు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"గుర్తు లేదండీ," అన్నాడు.

మధ్యాహ్నానికి అతని ఫోటోలన్నీ గోడ దిగాయి. ‘జంట’ అన్న మాట మీద తెల్లకాగితం అంటించి డాక్టరే ‘ఒకటి’ అని రాశాడు. మొదట చూసినవారుగా టీచరమ్మ పేరు పడింది. ఆమె వద్దంది. గోడ మీద ఉన్న ఫోటోకే పేరు వేస్తామన్నారు.

ఫ్రేములు మోసుకుని సందులోకి వచ్చేసరికి బావమరిది షాపు మెట్ల మీద ఉన్నాడు.

"ఏం బావా, ప్రదర్శన అప్పుడే అయిపోయిందా?"

"నాది అయిపోయింది."

బావమరిది లేచి సగం ఫ్రేములు అందుకున్నాడు. భార్య కౌంటరు వెనక నుంచి వచ్చి చొక్కా వైపు చూసింది. ఇస్త్రీ నలిగిపోయింది.

"పేరు ఉంచారా?"

"తీసేశారు."

"మరి చివరికి ఏం రాశారు?"

"ఒకటని."

"ఒక్క పిట్ట కోసం ఇంత గొడవా?"

"వచ్చింది ఒక్కటేనే," అన్నాడు అతను, ఫ్రేములు గోడవారగా ఆనించి పెడుతూ.