బీరువా తలుపుకు అంటించిన కాగితం

బిక్షపతికి కుదురంటూ లేదు. నాచారంలో ఇనుము పోతపోసే ఒక కంపెనీలో పన్నెండేళ్లుగా క్రేన్ నడుపుతున్నాడు. కరిగిన ఇనుమున్న బకెట్టును కింద పనిచేసేవాళ్ల పక్కనుంచి తీసుకుపోవాలి. క్యాబిన్‌లో కూర్చుంటే చెయ్యి ఇంత కూడా వణికేది కాదు. దిగాడంటే మాత్రం కాలు కాలిన పిల్లే. బస్సు ఇంకా రాలేదని ఉప్పల్ వైపు నడక మొదలుపెట్టేవాడు, రెండు స్టాపుల మధ్య అదే బస్సు అతన్ని దాటిపోయేది.

2008 ఎండాకాలంలో, ఏటా చేసే పరీక్షలో బీపీ నూట అరవై దాటింది. కంపెనీ డాక్టరు మాత్రలు రాసి నలభై రోజుల గడువిచ్చాడు. అప్పటిదాకా కింద నిలబడి సైగలు చేసే పని. అప్పటికీ తగ్గకపోతే క్రేన్ ఎక్కే మాటే లేదు. ఆ రోజు నుంచి బిక్షపతికి కంటిమీద కునుకు లేదు. కింది పనికి సిగ్గుపడే మనిషి కాదు, తన కుర్చీలో ఇంకొకడు కూర్చుంటే చూడలేడు, అంతే.

ఏఎస్ రావు నగర్‌లో చిదంబరం గారనే ఆయుర్వేద వైద్యుడున్నారు. ఆయన నాడి చూసి, "ఆ మాత్రలు మానొద్దు. ఇవి కూడా వాడుతున్నానని మీ డాక్టరుకు చెప్పు" అంటూ దినచర్య రాసిచ్చారు. తెల్లవారక ముందే లేవాలి, పరగడుపున సరస్వతి ఆకు రసం తాగాలి, అరగంట నడవాలి, వేళకు తినాలి. పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలల్లో అశ్వగంధ చూర్ణం, అరికాళ్లకు నువ్వుల నూనె.

ఆ కాగితాన్ని బీరువా తలుపుకు అంటించాడు. తిప్పలు అక్కడ మొదలయ్యాయి. షిఫ్టు వారం వారం మారుతుంది. నైట్ డ్యూటీ దిగి పొద్దున ఇల్లు చేరితే, తాగాల్సింది ఆకు రసమా, పాలా? వైద్యుడికి ఫోన్ చేశాడు. సాయంత్రం మళ్లీ చేశాడు. మూడో రోజుకి ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. నడకలో ఇరవై తొమ్మిది నిమిషాలకే ఇల్లొస్తే గుమ్మం ముందు నిలబడి ఇంకో నిమిషం కాళ్లు ఆడించేవాడు. రోజుకు రెండుసార్లు మందుల షాపులో బీపీ చూపించుకునేవాడు. అది తగ్గలేదు. మనశ్శాంతికి కూడా టార్గెట్ పెట్టుకున్న మనిషికి ఎలా తగ్గుతుంది?

గడువు ఇంకా పన్నెండు రోజులుందనగా, నైట్ డ్యూటీ దిగి వచ్చి మంచం మీద దొర్లుతున్నాడు. తెల్లవారక ముందు లేచే నియమం ఈ వారమంతా తప్పిందని దిగులు. భార్య రాణి కాసేపు చూసింది. వెళ్లి బీరువా మీది కాగితం చింపేసింది.

"ఏం జేసినవే!" అని లేచి కూర్చున్నాడు.

"గీ కాగితమే నిన్ను తింటున్నది. నువ్వు ఎప్పుడు పండుకుంటే గప్పుడే నీకు రాత్రి. లేస్తే తెల్లారినట్టు. గంతే."

"మరి సార్ గట్ల రాసిండు గదా?"

"సార్‌కు నైట్ డ్యూటీ ఉన్నదా?"

రాణి కిటికీకి పాత దుప్పటి కట్టింది. అశ్వగంధ పాలు తాగించింది. అతని కాళ్లు ఒళ్లో పెట్టుకుని అరికాళ్లకు నూనె రాస్తూ కూర్చుంది. మాట్లాడబోతే బొటనవేలు పిండింది. పక్కింట్లో కుక్కరు కూసింది. బిక్షపతికి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది.

"మళ్ల ఎక్కినంక చెయ్యి వణికితే ఎట్ల రాణీ? కింద పదిమంది ఉంటరు."

పన్నెండేళ్లలో ఆ భయం బయటికి చెప్పడం అదే మొదలు.

"నాకెరుకే," అంది రాణి, రెండో కాలు ఒళ్లోకి తీసుకుంటూ.

ఆ తర్వాత ఏ షిఫ్టయినా అదే వరస. దుప్పటి, పాలు, నూనె.

గడువు రోజు కంపెనీ దవాఖానా ముందు బల్లమీద కూర్చున్నాడు. ముందు ఆరుగురున్నారు. వాళ్లంతా అయ్యాక కాంపౌండరు బిక్షపతిని మూడుసార్లు పిలిచాడు. పలుకు లేదు. గోడకు తల ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. తట్టి లేపి లోపలికి తీసుకెళ్లారు.

డాక్టరు చేతికి పట్టీ కట్టి చూశాడు. "నూట ముప్పై రెండు. మాత్రలు మాత్రం మానకు. రేపటినుంచి క్రేన్ ఎక్కు."

బిక్షపతి చెయ్యి తీయలేదు. "సార్, జర ఇంకోసారి సూడున్రి."

డాక్టరు పట్టీ విప్పి డబ్బాలో పెట్టేశాడు. "ఇంకోసారి చూస్తే పెరుగుతది. ఇంటికి పోయి పండుకో."