మేనమామ సాక్ష్యం

ఆ రోజుల్లో ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టినవాడికి రంగుల మీద అనుమానాలు ఉండకూడదు. పందొమ్మిదేళ్ల నాకూ లేవు. నిజానికి నేను గుర్తుపట్టింది రంగుల్ని కాదు, బుట్టల్ని. అమ్మ పేకకు, అంటే అడ్డంగా నేసే దారానికి, కండెలు చుట్టి ఎడమ బుట్టలో ఎరుపు, కుడి బుట్టలో ఆకుపచ్చ పెట్టేది. ఒకనాడు ఆమె పెనుకొండలో పెళ్లికి పోతే, కండెలు చుట్టిపెట్టిన పక్కింటామె అన్నీ ఒకే బుట్టలో పోసింది. నేను హాయిగా నేసుకుంటూ పోయాను. మధ్యాహ్నం మా మగ్గాల షెడ్డు మేస్త్రీ వచ్చి చూసేసరికి ఎర్రటి పెళ్లిచీరలో మూరెడు పచ్చగా ఉంది.

"ఏమప్పా, తాగి కూచున్నావా?"

"ఎరుపే కదన్నా!" అన్నాను. (ఇప్పటికీ నాకు కోపమే. నేను అబద్ధమాడలేదు.)

"పొగరు చూడు! రేపట్నుంచి ఈ మగ్గం ఇంకోడికి."

నాయన పోయి మూడేళ్లు. మా ఇల్లు నడిచేది ఆ మగ్గం మీదే. సంగతి తెలిసి మర్నాడు అమ్మ నా తరఫున మాట్లాడటానికి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చింది. పెనుకొండలో కొట్టు పెట్టుకున్న మా మామ నలుగురిలో నోరున్నవాడు. మేస్త్రీ చీర పరిస్తే, మామ ఒంగి చూసి గొంతు సవరించుకున్నాడు.

"యాడుందప్పా తప్పు? ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే రంగుండాది. పిల్లోణ్ణి ఊరికే తిడతాండావు."

మేస్త్రీ వేలు పెట్టాడు. "ఇదేం రంగు?"

"ఎరుపు."

"మరి ఇది?"

"అదీ ఎరుపే. ఏమబ్బా, నీకు కండ్లు కనపడవా?"

షెడ్డులో మగ్గాలన్నీ ఆగిపోయాయి. మేస్త్రీ నవ్వీ నవ్వీ గోడకు జారగిలబడ్డాడు. "అక్కా, నీ కొడుకుది పొగరు కాదులే. మామ కండ్లొచ్చినాయి" అని మగ్గం నాకే వదిలాడు. ఆనాటి నుంచి అమ్మ కండె పుల్లలకు కత్తితో గాట్లు పెట్టింది: ఎరుపుకు ఒకటి, పచ్చకు రెండు.

కానీ మామ కండ్లు నాకెట్లా వచ్చాయి? అమ్మకు అన్ని రంగులూ కనపడేవి కదా! నాలుగో తరగతితో ఆగిన నన్ను ఈ ప్రశ్న పదిహేనేళ్లు తొలిచింది. చివరికి హిందూపురం బస్టాండు దగ్గర పాత జీవశాస్త్రం పుస్తకం ఒకటి కొని, మూడు నెలలు కుస్తీ పట్టాను. ఆడవాళ్లకు ఎక్స్ క్రోమోజోములు రెండట, మగవాడికి ఒక్కటేనట, అదీ అమ్మ నుంచే. ఎరుపూ పచ్చా వేరుచేసే చోట ఆమెకు ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. ఆ చెడిందే కొడుక్కొస్తే వాడికి దిక్కులేదు. మా అవ్వ అది మామకూ ఇచ్చింది, అమ్మకూ ఇచ్చింది, అమ్మ నాకిచ్చింది. (ఇంత ముఖ్యమైన సంగతి మేస్త్రీకి ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదో!)

పుస్తకం చంకన పెట్టుకొని ఇంటికి పరుగెత్తాను. "అమ్మా, తప్పు నాది కాదు, నువ్విచ్చిందే!" అని వేలు పెట్టి చదివి వినిపించాను. ఆమె కండె చుట్టడం ఆపలేదు.

"ఇచ్చింటాలేరా. గాట్లు కూడా నేనే పెడతాండా కదా!"

అంత గెలిచిన మొహంతో గడపలో ఎంతసేపు నిలబడ్డానో! ఇప్పుడు తలుచుకుంటే, అప్పటి ఆ నన్ను కూర్చోబెట్టి కాసిన్ని మంచినీళ్లివ్వాలనిపిస్తుంది.