పొడి దగ్గు

2020 జూన్ 14, ఆదివారం, ఉదయం అయిదున్నరకు అన్న బస్సు నడుపుతూ మొదటిసారి దగ్గాడు. దుబాయ్‌లో అల్ కుసైస్ లేబర్ క్యాంపు నుంచి జెబెల్ అలీలోని ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే బస్సుకు ఆయన డ్రైవరు. అదే ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు చూసే నేనూ ఆ బస్సులోనే వెళ్లేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను, చదివించింది అన్న.

"ఉస్తాద్, హారన్ ఖరాబైందా? నువ్వే గొడుతున్నవ్!" అన్నాడు కరీంనగర్ వెల్డరొకడు. బస్సంతా నవ్వింది. మూడోసారి దగ్గేసరికి నవ్వు ఆగిపోయింది. అన్న వెనక సీట్లలోనివాళ్లు ఒక్కొక్కరే లేచి బస్సు చివరికి వెళ్లి నిలబడ్డారు.

పరీక్షలో కరోనా లేదని తేలింది. అయినా ట్రాన్స్‌పోర్టు ముదీర్, అంటే మేనేజరు, బస్సు తాళాలు తీసేసుకున్నాడు. "దగ్గు ఖలాస్ అయినాకే స్టీరింగ్" అన్నాడు. ఎందరివో కొలువులు ఊడిపోతున్న రోజులవి. పనిలేని డ్రైవరు చేతికి తర్వాత వచ్చేది విమానం టికెట్టేనని క్యాంపులో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం అన్న తన బీపీ మాత్రల పెట్టె తెచ్చి నా ముందుంచాడు. అంతకు నెల ముందే మొదలుపెట్టిన మాత్రలవి.

"ఇందులో ఏమన్నా రాసినారేమో చూడు అబ్బీ."

లోపలి కాగితం విప్పి చదివాను. కొందరికి పొడి దగ్గు రావచ్చునని ఉంది. డాక్టరును అడగకుండా మాత్ర ఆపకూడదనీ ఉంది. రెండూ వినిపించాను.

"అయితే ఈ మాత్రదేనా దగ్గు!" అన్న ముఖం తేటపడింది.

"మానొద్దన్నా. ఇది పడకపోతే వేరేది రాస్తారు. డాక్టరు ఫోన్లో దొరికేదాకా ఓర్చుకో."

"దగ్గితే ఈ పొద్దే పని పోతాది. బీపీకి ఏమయినా ఎప్పుడో గదా అయ్యేది. ఏది ముందు చూసుకోవాల? సదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

బీపీ చప్పుడు చేయకుండా ఏమేం పాడు చేస్తుందో చెప్పాను. అన్న తల ఊపాడు. మాత్ర మాత్రం మానేశాడు.

దగ్గు తగ్గింది. తాళాలు తిరిగి వచ్చాయి. "ఉస్తాద్ వచ్చిండు, యల్లా, పోదాం!" అని వెల్డరు ఈల వేశాడు. అన్న అద్దంలోంచి నన్ను చూసి కన్ను గీటాడు. సెలవు రోజు కదా అని, వచ్చే శుక్రవారం ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాలనుకున్నాం.

బుధవారం ఉదయం ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరూ దిగాక నేను దిగాను. నా వెనక తలుపు మూసుకోలేదు. తిరిగి చూస్తే, అన్న ఎడమచేత్తో తన కుడిచేతిని పైకెత్తి తలుపు స్విచ్చు మీద పెట్టబోతున్నాడు. చెయ్యి జారి ఒళ్లో పడింది. మళ్లీ ఎత్తాడు. నా వైపు చూసి ఏదో అన్నాడు. అందులో మాట లేదు.

ఆసుపత్రిలో వేరే బీపీ మాత్ర ఇచ్చారు. దానితో దగ్గు రాలేదు.

కంపెనీ అన్నను ఇంటికి పంపించింది. రోజూ వదిన ఇచ్చే ఆ మాత్రను ఎడమచేత్తో అందుకుంటాడు. ఫోన్లో నన్ను గుర్తుపట్టి నవ్వుతాడు. అబ్బీ అనే పిలుపు తిరిగి రాలేదు.