గోల్‌లో నిలబడతానన్న గుద్రున్

గుద్రున్ చేపలు పొగబెట్టే కొట్టులో పనిచేసేది. ఎంత సబ్బు రుద్దినా ఆమె చేతుల్ని ఆ వాసన వదిలేది కాదు. ఆమె ఆపి విసిరిన బంతిని అందుకుంటే మాకు ఆకలేసేది. ఈ మాట ఊరంతా మోసింది నేనే, ఆమె జట్టులో ఎడమవైపు ఆడేదాన్ని.

ఐరోపా మహిళా క్లబ్బులకు హ్యాండ్‌బాల్ కప్పు మొదలైన కొత్త రోజులవి. డెన్మార్క్‌లో జట్లాండ్ పడమటి తీరాన, గాలికి ఇళ్ళు కూడా కాస్త వంగి నిలబడే మా రేవుకి ప్రాగ్ జట్టు రావడమంటే, చంద్రుడు మా సందులోకి దిగి దారి అడిగినట్టే. ఆ రోజు గోల్ ముందు తానే నిలబడాలని గుద్రున్ ప్రాణం కొట్టుకులాడేది. పైకి అనలేదు. చేపల బుట్టల మధ్య చేతులు చాచి అటూ ఇటూ గెంతే మనిషి వేరే అనాలా?

మా ఊళ్ళో ఫలానాది కావాలని ఎవరూ అడగరు. కాఫీ ఇస్తే రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడగడం ఇచ్చేవాళ్ళ ధర్మం. పాపం, కొత్త కోచ్ అక్సెల్‌ది రాజధాని కోపెన్‌హేగన్, ఈ లెక్క తెలీదు.

"గుద్రున్, రేపు గోల్‌లో నువ్వుంటావా?" అన్నాడు ముందురోజు సాధన అయ్యాక.

"నేనెందుకులెండి. బెంటె ఉందిగా."

"నిజంగానే అంటున్నావా?"

"అది చిన్నపిల్ల, చురుకైంది. నాకేం వచ్చని."

మేమంతా మూడో ప్రశ్న కోసం ఊపిరి బిగబట్టాం.

"సరే, నీ ఇష్టం," అని అక్సెల్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుద్రున్ వంగి బూటు లేసు గట్టిగా కట్టుకుంది. విప్పాల్సిన లేసు అది.

మర్నాడు హాలు కిక్కిరిసింది. తడి కోట్ల ఆవిరి దీపాల చుట్టూ పొగమంచులా చేరింది. ప్రాగ్ అమ్మాయిల బంతులు గూటికి చేరే పిట్టల్లా, తొందర లేకుండా, బెంటె వెనక వలలో వాలుతున్నాయి. విరామంలో బెంటె బల్లమీద గుద్రున్ పక్కన కూలబడి, "అక్కా, నా కాళ్ళు నా మాట వినడం లేదే," అంది.

నేను గుద్రున్‌ని మోచేత్తో పొడిచాను. "అడగవే."

"ఆయన అడగాలి గానీ."

"ఆయనకి ఒక్కసారి అడగడమే ఎక్కువ. రెండుసార్లు అడిగాడు, ఇంకేం చేస్తాడు?"

గుద్రున్ లేచింది. మెడ దాకా ఎర్రబడింది. "కోచ్ గారూ, గోల్‌లో నేను నిలబడతాను. నాకది కావాలి. బెంటె కంటే నేను బాగా ఆపుతాను."

పెళ్ళి మధ్యలో ఎవరో లేచి చొక్కా విప్పినట్టయింది మాకు. బెంటె మాత్రం అప్పటికే మోకాళ్ళ తొడుగులు తీసేస్తోంది.

"ఈ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా," అన్నాడు అక్సెల్.

"చెప్పాను కదండీ. మీకే వినబడలేదు."

రెండో సగంలో ఆమె చేతులు ఎక్కడుంటే బంతి అక్కడికే వచ్చినట్టు అనిపించింది. ఒకటి కడుపుతో ఆపింది, ఒకటి మోకాలితో, ఒకటి గడ్డంతో. ప్రాగ్ అమ్మాయి ఒకతె బంతి విసిరాక తల పట్టుకుని నవ్వేసింది. అయినా రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

మర్నాడు కొట్టులో వరసలో ముందున్న పెద్దావిడ సంచీ చాచి, "ఏమ్మా, నువ్వే అడిగావటగా?" అంది.

"అవునండీ."

"నీ నోటితోనే?"

"నోటితోనే."

ఆవిడ తల అడ్డంగా ఊపి చేపలు తీసుకుంది. ఓటమిని ఊరు వారంలో మరిచిపోయింది. అడగడాన్ని వేసవి దాకా నమిలింది. గుద్రున్ తల వంచుకుని పొట్లాలు కడుతూనే ఉండేది, కానీ ఆదివారం వచ్చేసరికి అందరికంటే ముందు హాలుకెళ్ళి, ఎవరూ అడక్కముందే గోల్ ముందు నిలబడేది.