ఎడమచేతి బ్రేకు

ఆమదాలవలస స్టేషన్లో ప్యాసింజర్ కోసం కూర్చుని మా బావమరిదితో ఫోన్లో మాట్లాడుతున్నాను. "మోపెడ్ అమ్మేస్తన్నాను. సిన్న గేర్ల బండి ఒకటి సూసేను. ధర తక్కువే, మైలేజీ బాగిస్తాది," అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పక్కనే ఖాళీ చేపల గంప మీద చెయ్యేసుకుని కూర్చున్న పెద్దామె నా వైపు తిరిగింది.

"బాబూ, మోపెడ్ ఎన్నాళ్ల బట్టి తోలతన్నావు?"

"పెళ్లికి ముందు నుంచీనమ్మా."

"ఎదర ఏదైనా అడ్డొస్తే ఏ సెయ్యి నొక్కుతావు?"

ఆలోచించకుండానే ఎడమచెయ్యి బిగించి చూపించాను. ఆమె ఆ పిడికిలిని అలాగే పట్టుకుంది.

"మా ఆయనా అంతే. మోపెడ్ మీదే సేపలమ్మీవోడు. గేర్ల బండి మోజు పుట్టి కొన్నాడు. వారం తిరక్కుండా లారీ ఎదరొచ్చింది. ఎడంసేత్తో గట్టిగా నొక్కీసినాడు. మోపెడ్‌కి అది బ్రేకు. ఆ బండికి క్లచ్చి. ఎంత నొక్కితే ఏటి, ఆగనేదు. మేం లేపినప్పుడు కూడా ఆ సెయ్యి పట్టు ఇడవనేదు."

రైలొచ్చింది. నా పిడికిలి ఇంకా బిగుసుకునే ఉంది. ఆమే నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది. అలవాటైన పనిలా విప్పింది. గంప ఎత్తుకుని ఆడవాళ్ల పెట్టె వైపు వెళ్లిపోయింది.

బండి కొన్నాను. బ్రేకు కుడికాలి కింద ఉంటుందని షోరూమ్‌లో చెప్పారు. నాకూ తెలుసు. నిన్న సంత దారిలో ఒక మేక అడ్డొచ్చింది. కాలు కదిలేలోపే నా ఎడమచెయ్యి బిగుసుకుంది.