‘అక్క గంట’కు అర్థం

ఆ బట్టలు కుట్టే ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఎవరైనా ఊరికే కంగారుపెడితే “అక్క గంట కొట్టకు” అంటారు. కండక్టరు అంటాడు, బడిపిల్లలు అంటారు. మొన్న పాలు పొంగుతున్నాయని ఆ అక్కే ఇంట్లో కేకేస్తే, సొంత మనవడే ఆ మాట అనేశాడు. ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ అక్కే. ఇరవై ఆరేళ్లుగా అక్కడ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడుతోంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, బల్ల వెనక గోడలోంచి కాలిన వాసన, సన్నగా పొగ. అక్క పరుగెత్తి ప్రమాద గంట నొక్కింది. రెండొందల మంది వాకిట్లోకి వచ్చిపడ్డారు. ఆ గొడవలో లారీ ఎక్కాల్సిన సరుకు ఎక్కలేదు. యజమాని సాయంత్రానికల్లా మాడిన వైర్లు పీకించి, గోడకు రంగు వేయించి, “ఏదీ పొగ? ఇస్త్రీ ఆవిరి చూసి జడుసుకుంది మీ అక్క” అని అందరి ముందూ పకపకా నవ్వాడు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే అదీ. ఆ వైర్లు తన చేత్తో పీకిన ఎలక్ట్రీషియను నోరు మెదపలేదు. పొట్టకూటివాడు, ఏమనగలం అంటారు జనం. అనాల్సిందే, సిగ్గులేని మనిషి!

ఇన్నాళ్లకు ఒక కాలేజీ మాస్టారు ఫ్యాక్టరీకి వచ్చాడు. వాడుకమాటల మీద పుస్తకం వేస్తున్నాడట, అక్క ఫొటో కావాలట. తను రాసుకున్నది ముచ్చటగా చదివి వినిపించాడు. “అక్క గంట: లేనిపోని హడావిడి. ఆవిరిని పొగ అనుకున్న ఒక కార్మికురాలి పొరపాటు నుంచి పుట్టింది.”

“పొరపాటని ఎవరు చెప్పారు?”

“మీ యజమానిగారేనమ్మా.”

“దొంగనడిగి దొంగతనం గురించి రాస్తున్నారన్నమాట!” అని అక్క జరిగిందంతా ఏకరువు పెట్టింది.

మాస్టారి మొహం పాలిపోయింది. “మీరు చెప్పినట్టే మార్చి రాస్తానమ్మా. కానీ అర్థం నా చేతుల్లో లేదు. జనం ఎలా వాడితే అదే అర్థం.”

“ఎలా వాడుతున్నారో చూద్దురుగాని, రండి.”

ఆయన్ను కుట్టుమిషన్ల హాల్లోకి తీసుకెళ్లి, అందరూ పనిలో ఉండగా, గోడకున్న ప్రమాద గంట నొక్కింది. హాలు అదిరిపోయేలా మోగింది. మిషన్లు ఆగలేదు. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. తలుపుకు అన్నిటికన్నా దూరంగా, చివరి వరసలో అక్క కోడలు కూర్చునుంది. ఆరో నెల. దారం కొరుకుతూ పక్కమ్మాయితో “అక్క గంట లే” అంది. వరసంతా గొల్లున నవ్వింది.

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కోపంతోనే. గంట మీద వేలు తీయకుండా మాస్టారి వైపు తిరిగి అరిచింది.

“రాసుకోండి మాస్టారూ! నిజంగా నిప్పంటుకున్నా వీళ్లెవరూ లేవరు. దానికి అర్థం అదీ!”